చేతులు మారిన మోటారు సైకిలు

ఎడ్లను కొనుటకు సంతకు పోయిన రైతు కొమ్ములకు పూసిన రంగును చూచి మోసపోడు. నోరు తెరచి పళ్లు లెక్కించును; సుడులు పరిశీలించును; నాలుగడుగులు నడిపించును; కాడి కట్టి చూచును. ఆ తరువాతనే బేరమునకు దిగును. ఏలయన ఆ ఎడ్లమీదనే అతని సేద్యమును, సేద్యముమీదనే అతని కుటుంబమును ఆధారపడి యుండును. పొరపాటున చెడ్డ ఎద్దును కొన్నచో ఆ యేటి పంటయే దెబ్బతినును.

నేడు తెలుగునాట అనేక కుటుంబములకు మోటారు సైకిలు అట్టి ఆధారముగా నున్నది. పాలు పట్టణమునకు చేరుట, కూరగాయలు సంతకు పోవుట, పిల్లలు పాఠశాలకు వచ్చుట, రోగి వైద్యశాలకు చేరుట దానిపైననే జరుగుచున్నవి. ప్రపంచమున ద్విచక్ర వాహనములు మిక్కిలిగా అమ్ముడుపోవు దేశములలో భారతదేశ మొకటి. అయితే అందరును సరిక్రొత్త బండిని కొనలేరు. పలువురు తమ పాతబండిని విడిచి, ఇతరులు కొన్ని సంవత్సరములు వాడిన, అంతకంటె క్రొత్తదగు బండిని కొనుచుందురు. ఇది చూచుటకు చిన్న వ్యవహారమే. కాని ఇందు ధనము మాత్రమే కాక ప్రాణము, మర్యాద, న్యాయము కూడ ఇమిడి యున్నవి.

మోటారు సైకిలు చరిత్ర సుమారు నూటనలుబది యేండ్లది. 1885లో జర్మనీ దేశమున గొట్‌లీబ్ డైమ్లరు, విల్‌హెల్మ్ మేబాక్ అను ఇంజనీర్లు కొయ్య చట్రమునకు పెట్రోలు ఇంజనును అమర్చి నడిపిరి. మన దేశమున 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డు బుల్లెట్టు బండ్ల తయారీకి పునాది పడెను. 1980 దశాబ్దము నడిమి భాగమునుండి తక్కువ పెట్రోలుతో ఎక్కువ దూరము పోవు 100 సి.సి. బండ్లు వచ్చి పల్లెలకు వ్యాపించెను. నాడు సంపన్నుల ముంగిట మాత్రమే కనబడిన వాహనము క్రమముగా సామాన్యుని వసారాకు చేరెను.

పాతబండిని మార్చుట యెట్లో తెలిసికొనుటకు ఒక ఉపాధ్యాయుని ఉదాహరణముగా గైకొనవచ్చును. ఆయన గ్రామము ఖమ్మము జిల్లాలో మధిర ప్రాంతమున నున్నది. పాఠశాల అచటికి 16 కిలోమీటర్ల దూరము. 2006లో కొన్న 100 సి.సి. మోటారు సైకిలుపై ఆయన పందొమ్మిది యేండ్లుగా రాకపోకలు సాగించెను. మన దేశమున సొంత వాడకపు బండికి మొదటి నమోదు 15 సంవత్సరములు చెల్లును. ఆపై పరీక్ష చేయించి అయిదేసి సంవత్సరములకు పొడిగించుకొనవలెను. ఆ విధముగా 2021లో ఆయన తన బండి నమోదును పొడిగించుకొనెను. దానిమీద ఆయనకు మమకారము మెండు. కుమార్తెను మొదటిసారి బడికి తీసికొనిపోయినది ఆ బండిమీదనే.

కాని 2025 వేసవిలో ఒకనాటి సాయంకాలము అకాలవర్షము కురిసెను. తడిసిన రోడ్డుపైకి ఒక గేదె హఠాత్తుగా వచ్చెను. ఆయన వెనుక బ్రేకును గట్టిగా త్రొక్కెను. వెనుక చక్రము తిరుగుట మాని జారిపోయెను. బండి ప్రక్కకు ఒరిగెను. మోకాలు దోకుకొనిపోవుటతో గండము గడచెను. ఆనాడు వెనుక కుమార్తె కూర్చుండలేదు. కూర్చుండి యున్నచో నేమగునో యని ఆ రాత్రి ఆయనకు నిద్రపట్టలేదు. మరునాడే బండిని మార్చవలెనని నిశ్చయించెను.

ఆ జారుడునకు కారణ మేమి? తిరుగుచున్న చక్రమునకు నేలపై పట్టు ఉండును. బ్రేకు మితిమీరి పడినప్పుడు చక్రము తిరుగుట మాని బిగిసిపోవును. బిగిసిన చక్రము నేలను పట్టుకొనజాలదు. అరటితొక్కపై కాలువలె జారును. అంతేకాక బ్రేకు వేసినప్పుడు బండి బరువు ముందునకు ఒరగును. అందుచే ముందు చక్రమునకు పట్టు హెచ్చును, వెనుక చక్రమునకు తగ్గును. కావున బండిని ఆపుటలో ముందు బ్రేకుదే పెద్దపాలు. ముందు బ్రేకు వేసినచో పల్టీ కొట్టుదుమను భయముతో వెనుక బ్రేకునే నమ్ముకొనువారు పెక్కురు కలరు. మన ఉపాధ్యాయుడును వారిలో నొకడు.

ఈ లోపమును సవరించుటకే క్రొత్త బండ్లలో రెండు ఏర్పాట్లు చేయబడినవి. మొదటిది జంట బ్రేకు, దీనిని సి.బి.ఎస్. అందురు. ఇందు వెనుక బ్రేకును త్రొక్కినను ముందు బ్రేకు కూడ కొంతమేర పనిచేయును. రెండవది ఏ.బి.ఎస్. ఇందు చక్రము వేగమును ఒక సెన్సారు క్షణక్షణము కనిపెట్టుచుండును. చక్రము బిగియబోవుచున్నదని తెలియగనే బ్రేకు ఒత్తిడిని సడలించి, మరల బిగించి, సెకనులో పలుమార్లు అట్లు చేయును. అందుచే చక్రము తిరుగుచునే వేగము తగ్గును. 2019 ఏప్రిలు 1 నుండి మన దేశమున 125 సి.సి. మించిన బండ్లకు ఏ.బి.ఎస్., అంతకు లోబడిన బండ్లకు కనీసము సి.బి.ఎస్. తప్పనిసరి చేయబడెను. అందుచే ఆ తేదీకి తరువాత తయారైన బండి, ఒకరు వాడినదే యైనను, పాతబండికంటె రక్షణ విషయమున ఒక మెట్టు పైన నుండును. 2022లో మన దేశమున రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది మరణించిరి. వారిలో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనములపై పోవువారే. ఈ లెక్కను తెలిసినవారు బ్రేకును అలంకారముగా భావింపరు.

మరియొక మార్పు ఇంజనునకు పెట్రోలు అందు విధానములో వచ్చినది. పాతబండిలో కార్బొరేటరు అను పరికర ముండును. సన్నని మార్గము గుండ వేగముగా పోవు గాలి పెట్రోలును పీల్చుకొని ఇంజనులోనికి కొనిపోవును. ఇది సులభమైన యంత్రము; పల్లెలోని మెకానిక్కు కూడ విప్పి శుభ్రపరచగలడు. కాని చలి ఉదయమున చోకు లాగనిదే బండి కదలదు. పెట్రోలు పాళ్లు ఒక్కొక్కప్పుడు హెచ్చుచు తగ్గుచు నుండును. క్రొత్త బండిలో సెన్సార్లు గాలిని, వేడిమిని, పొగలో మిగిలిన ఆమ్లజనిని కొలిచి, ఒక చిన్న ఎలక్ట్రానిక్ పరికరమునకు తెలుపును. అది కావలసినంత పెట్రోలునే పంపుచేత ఇంజనులోనికి చిమ్మించును. 2017 ఏప్రిలు 1 నుండి బి.ఎస్.-4, 2020 ఏప్రిలు 1 నుండి బి.ఎస్.-6 అను కాలుష్య ప్రమాణములు అమలులోనికి వచ్చెను. బి.ఎస్.-6 ప్రమాణమును అందుకొనుటకు దాదాపు అన్ని మోటారు సైకిళ్లలోను కార్బొరేటరు స్థానమున ఈ క్రొత్త విధానము ప్రవేశపెట్టబడినది.

ఇట్లని పాతబండిని విడుచుట వెంటనే లాభమని తలపరాదు. ఉపాధ్యాయుడు కాగితముపై లెక్క వేసెను. ఆయన నెలకు 900 కిలోమీటర్లు తిరుగును. పాతబండి లీటరునకు 45 కిలోమీటర్లు పోవును గనుక 20 లీటర్లు కావలెను. క్రొత్తది 60 కిలోమీటర్లు పోయినచో 15 లీటర్లు చాలును. నెలకు 5 లీటర్లు మిగులును. సులభముగా లెక్కించుటకు లీటరు 100 రూపాయలనుకొన్నచో నెలకు 500, ఏడాదికి 6,000 రూపాయలు ఆదా. మరమ్మతులలో ఏడాదికి మరి 4,000 రూపాయలు తగ్గవచ్చును. ఇక ఖర్చు: క్రొత్తబండి వెల 58,000, కొన్న వెంటనే టైరు, చైను, భీమా, పేరుమార్పు రుసుము మున్నగువానికి 7,000, పాతబండికి వచ్చునవి 15,000. చేతినుండి పోవునది 50,000 రూపాయలు. ఏడాదికి 10,000 వంతున అది తిరిగి వచ్చుటకు అయిదు సంవత్సరములు పట్టును.

ఈ లెక్కలో రెండు నీతులు కలవు. బండి వెలతోనే ఖర్చు ముగియదనునది మొదటిది. చేతనున్న ధనమంతయు వెలకే ఇచ్చినవాడు అరిగిన టైరుతోనే తిరుగవలసి వచ్చును. పెట్రోలు ఆదా ఒక్కటియే బండిని మార్చుటకు చాలినంత కారణము కాదనునది రెండవది. పాతబండి చక్కగా పనిచేయుచున్నచో దానికి మంచి టైర్లు, క్రొత్త బ్రేకు దిమ్మలు వేయించి నడుపుకొనుటయే వివేకము. ఉపాధ్యాయునకు బ్రేకు భద్రత కావలెను, ఇంజను అరిగిపోయెను, నమోదు గడువు ముగియ వచ్చెను. ఈ మూడును కలిసినవి గనుకనే ఆయన ముందడుగు వేసెను.

మొదట విజయవాడలో ఒక బండి యున్నదని తెలిసెను. మూడేండ్లది; రంగు తళతళలాడుచున్నది; వెల మార్కెట్టుకంటె పదివేలు తక్కువ. ఉపాధ్యాయుడు తన ఊరి మెకానిక్కును వెంటబెట్టుకొని పోయెను. ఆ వృద్ధ మెకానిక్కు రంగును చూడలేదు. సీటును పైకెత్తి దీపముతో లోపల వెదకెను. మూలలలో సన్నని ఒండ్రుమట్టి పొర యుండెను. తీగలు కలియుచోట రాగి పచ్చబారి యుండెను. ముందు దీపపు అద్దము లోపల నీటిచారలు కనబడెను.

"మాస్టారూ, ఈ బండి వరదనీట మునిగినది. పైపైన కడిగినారు గాని, తీగలలో చొచ్చిన తుప్పును కడుగలేరు. నేడు నడచును, ఒక నడిరాత్రి నడిదారిలో ఆగిపోవును" అని యతడు చెప్పెను.

2024 సెప్టెంబరు ఆరంభమున బుడమేరు పొంగి విజయవాడలోని పలు కాలనీలు జలమయమయ్యెను. వేలకొలది వాహనములు నీట మునిగెను. అట్టి బండ్లను పూర్తిగా విప్పి బాగుచేయించి, ఆ సంగతి చెప్పి అమ్ముటలో తప్పు లేదు. చెప్పక అమ్ముటయే తప్పు. క్రొత్త విధానపు బండిలో సెన్సార్లును తీగలును అధికము గనుక నీటివలన కలుగు కీడును అధికము. మిక్కిలి చౌకగా వచ్చు వస్తువునకు చెప్పబడని కథ యొకటి యుండవచ్చునని ఉపాధ్యాయుడు గ్రహించి, మర్యాదగా వీడ్కోలు చెప్పి వచ్చెను.

ఆ బండిని కొన్నచో మరియొక చిక్కు కూడ ఉండెడిది. మధిరకు విజయవాడ దగ్గరదే యైనను 2014 జూన్ 2 నుండి అవి రెండు రాష్ట్రములలోనివి. ఆంధ్రప్రదేశ్‌లో నమోదైన బండిని తెలంగాణలో శాశ్వతముగా ఉంచవలెనన్నచో అచటి రవాణా అధికారినుండి నిరభ్యంతర పత్రము పొందవలెను. ఇచట పన్ను చెల్లించి తిరిగి నమోదు చేయించవలెను. ఈ వ్యయమును లెక్కించక పొరుగు రాష్ట్రమున చౌకయని కొనువారు తరువాత విచారింతురు.

రెండవ బండి ఖమ్మములో ఒక విశ్రాంత ఉద్యోగిది. 2021లో తయారైనది, 125 సి.సి.; ముందు చక్రమునకు డిస్కు బ్రేకు, జంట బ్రేకు ఏర్పాటు గలది. ముందురోజే మెకానిక్కు ఒక కబురు పంపెను: "మేము వచ్చువరకు బండిని స్టార్టు చేయవద్దు." వేడెక్కిన ఇంజను తన రోగమును దాచును. చల్లగా నున్నప్పుడే అది సులభముగా కదలునో లేదో, ఎట్టి శబ్దము చేయునో తెలియును. ఉదయపు వెలుగులో వారు పరీక్ష మొదలిడిరి.

మెకానిక్కు ముందుగా ఇంజనుపై చేయి వేసి చల్లగా నున్నదని నిర్ధారించుకొనెను. స్టార్టు చేయించి సైలెన్సరు వెనుక నిలిచెను. పొగ రంగు ఇంజను ఆరోగ్యమును తెలుపును. నీలిపొగ వచ్చినచో ఇంజను నూనె లోపల కాలుచున్నదనుట; పిస్టను రింగులో వాల్వు సీళ్లో అరిగి యుండును. నల్లపొగ వచ్చినచో పెట్రోలు మితిమీరి అందుచున్నదనుట. చలివేళ మొదటి నిముషమున పలుచని తెల్లని ఆవిరి వచ్చి ఆగిపోయినచో భయము లేదు. ఆ బండికి ఏ పొగయు రాలేదు.

తరువాత చైనును పరీక్షించెను. వెనుక పండ్లచక్రము చివర చైనును వెనుకకు లాగినప్పుడు పంటినుండి ఎడమై వచ్చినచో అది సాగినదని గుర్తు. పండ్లు అలలవలె ఒకవైపునకు వంగియున్నచో చైనును చక్రములను కలిపి మార్చవలెను. బండిని నడిమి స్టాండుపై నిలిపి, ముందు చక్రమును నేలనుండి ఎత్తి, హ్యాండిలును మెల్లగా ఇటునటు త్రిప్పెను. నడుమ ఎచటనైన పట్టినట్లు తోచినచో అచటి బేరింగులు చెడినవి. ముందు ఫోర్కు గొట్టములపై నూనె మరక యున్నచో సీళ్లు చినిగినవి. చట్రముపై క్రొత్త వెల్డింగు, ముడుతపడిన రంగు ఉన్నచో పెద్ద ప్రమాదము జరిగియుండును. అట్టి బండి తిన్నగా పోజాలదు.

టైరు ప్రక్కన నాలుగు అంకెల గుర్తుండును. మొదటి రెండంకెలు వారమును, తరువాతి రెండంకెలు సంవత్సరమును తెలుపును. ఈ బండి వెనుక టైరుపై 1421 అని యుండెను. అనగా 2021వ సంవత్సరము 14వ వారమున తయారైనది. నాలుగేండ్లకు రబ్బరు గట్టిపడును. గట్టిపడిన టైరు తడిరోడ్డుపై జారును. కావున దానిని మార్చవలెనని వ్రాసికొనిరి.

మీటరుపై 24,000 కిలోమీటర్లు కనబడెను. ఈ అంకెను గ్రుడ్డిగా నమ్మరాదు. దానిని మార్చు దుర్మార్గులు కలరు. బండియే సాక్ష్యము చెప్పును. ఎనిమిదివేలు మాత్రమే తిరిగినదని చెప్పబడిన బండికి కాలిపెట్టె రబ్బరు నున్నబడి, బ్రేకు డిస్కు అంచు గట్టుకట్టి యున్నచో అంకె అబద్ధమని తెలియును. ఈ బండికి సర్వీసు చేయించిన రసీదులన్నియు తేదీవారీగా నుండెను. ప్రతి రసీదుపై కిలోమీటర్ల అంకె క్రమముగా పెరుగుచు వచ్చెను.

అన్నిటికంటె మేలైన సాక్ష్యము యజమాని మాట. అడుగకముందే ఆయన ఇట్లు చెప్పెను: "మాస్టారూ, ఎడమవైపు ఫోర్కు సీలు కారుచున్నది. రెండేండ్ల క్రిందట మా అబ్బాయి ఇసుకలో జారిపడెను. అప్పుడు అద్దమును, క్లచ్ పిడిని మార్చితిమి. మరి యే దెబ్బయు తగులలేదు." మెకానిక్కు పరీక్షలో తేలినదియు అదియే. సీలు ఖర్చునకు వెలలో రెండువేలు తగ్గించుకొని 58,000 రూపాయలకు బేరము కుదిరెను. తన బండి లోపమును తానే చెప్పినందున యజమానికి రెండువేలు పోయినవి; కాని ఆయన మాటపై నమ్మకముచే మరి యే బేరమును లేక బండి వెంటనే అమ్ముడుపోయెను.

ధనమిచ్చి తాళము తీసికొన్నంత మాత్రమున బండి తనది కాదు. నమోదు పత్రముపైనున్న ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు బండిపై చెక్కిన అంకెలతో సరిపోవలెను. అప్పుపై కొన్న బండియైనచో అప్పు తీరినదని బ్యాంకు ఇచ్చిన పత్రమును, 35వ నంబరు ఫారమును ఉండవలెను. పోలీసులు విధించిన జరిమానాలు బాకీ యున్నవేమో చూడవలెను. భీమా, కాలుష్య తనిఖీ పత్రములు చెల్లుబాటులో నుండవలెను. పేరుమార్పునకు 29, 30 నంబరుల ఫారములు కావలెను. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము రాష్ట్రములోపలనైనచో అమ్మినవాడు 14 దినములలోగా ఆ సంగతిని రవాణా అధికారికి తెలుపవలెను; కొన్నవాడు 30 దినములలోగా తెలిపి తన పేరు వ్రాయించుకొనవలెను. భీమా సంస్థకును 14 దినములలోగా తెలుపవలెను. ప్రమాదములు చేయక నడిపినందుకు భీమాలో వచ్చు తగ్గింపు యజమానికి చెందును గాని బండికి చెందదు. కొన్నవానికి అది సంక్రమింపదు.

ఇక పాతబండి మాట. దానిని కొనుటకు పొరుగూరి పాలవ్యాపారి యొకడు వచ్చెను. యువకుడు, తెల్లవారుజామున పాలబిందెలు కట్టుకొని పట్టణమునకు పోవువాడు. బండిని ఒక చుట్టు నడిపి తృప్తిపడెను. పదునైదువేలు లెక్కించి చేత బెట్టబోయెను. ఆ క్షణమున ఉపాధ్యాయుని మనస్సు ఊగిసలాడెను. రెండవ గేరు అప్పుడప్పుడు జారుచుండును. వర్షములో వెనుక చక్రమును నమ్మరాదు. ఈ రెండును యువకునకు తెలియవు. చెప్పినచో బేరము చెడవచ్చును.

కాని ఖమ్మములోని విశ్రాంత ఉద్యోగి తనకు ఫోర్కు సీలు సంగతి చెప్పినమాట ఆయనకు జ్ఞప్తికి వచ్చెను. "నాయనా, రెండవ గేరు జారును, బాగు చేయించుటకు మూడువేలగును. వెనుక బ్రేకు దిమ్మలు మార్చించిన తరువాతనే బరువు వేయుము. తడిలో రెండు బ్రేకులును కలిపి మెల్లగా వేయుము" అని చెప్పెను. యువకుడు కొంత తడవు ఆలోచించి, "మూడువేలు తగ్గింపుడు మాస్టారూ, తీసికొందును" అనెను. పన్నెండు వేలకు బండి అమ్ముడుపోయెను. లెక్కలో మూడువేలు తగ్గినవి. మనస్సులో బరువును తగ్గెను.

"పేరుమార్పు తరువాత చూచుకొందము మాస్టారూ, ఇప్పుడు పాల పనితో తీరిక లేదు" అని యువకుడు వేడెను. ఇచట మాత్రము ఉపాధ్యాయుడు అంగీకరింపలేదు. ఏలయన నమోదు పుస్తకములో ఎవరి పేరుండునో చట్టము దృష్టిలో యజమాని ఆయనయే. అమ్మినను పేరు మారనిచో, ఆ బండివలన ప్రమాదము జరిగినప్పుడు నష్టపరిహారమునకు నమోదైన యజమానియే బాధ్యుడని సుప్రీంకోర్టు 2018లో తీర్పు చెప్పెను. చేతులు మారి యెచటనో తిరుగుచున్న బండి ఎవరినైన గాయపరచినచో నోటీసు పాత యజమాని యింటికే వచ్చును. ఇద్దరును ముందుగా అంతర్జాలమున వేళ నిర్ణయించుకొని రవాణా కార్యాలయమునకు పోయి, సంతకములు చేసి, రసీదు పొందిరి. అప్పుడే ఉపాధ్యాయుడు రెండవ తాళపుచెవిని యువకుని చేతబెట్టెను.

పాతబండి నడుపుటకే పనికిరానంత శిథిలమైనచో దానిని గుర్తింపు లేని తుక్కు వర్తకునకు ఇచ్చుట మంచిది కాదు. దాని నంబరును, ఛాసిస్సును దుర్వినియోగము చేయువారు కలరు. 2021లో ఏర్పడిన నిబంధనల ప్రకారము ప్రభుత్వము గుర్తించిన తుక్కు కేంద్రములు వెలసినవి. అచట బండి నిచ్చి పత్రము పొంది నమోదును రద్దు చేయించుకొనవలెను.

ఇంటికి వచ్చిన బండిని ఉపాధ్యాయుడు మొదటి వారము పాఠశాలకు కొనిపోలేదు. ప్రతి ఉదయము ఊరి వెలుపలి మైదానమున అభ్యాసము చేసెను. పందొమ్మిదేండ్ల అలవాటు పాదములో నున్నది. దానిని మార్చుట బండిని మార్చుటకంటె కష్టము. ముందు డిస్కు బ్రేకు రెండు వ్రేళ్లతో నొక్కినంతనే పట్టును. మొదట మెల్లగా, పిదప గట్టిగా, రెండు బ్రేకులును కలిపి వేయుట ఆయన నేర్చుకొనెను. పెట్రోలు చుక్క మిగులనంతవరకు నడుపు పాత అలవాటును మానెను. క్రొత్త బండిలో ట్యాంకులోని పంపును చల్లబరచునది పెట్రోలే గదా! ఇంపైన శబ్దముకొరకు సైలెన్సరు మార్చుమని ఒకరు సలహా యిచ్చిరి. పొగలోని విషవాయువులను హరించు పరికరము ఆ సైలెన్సరు మార్గములోనే యుండును గనుక ఆయన అందుకు సమ్మతింపలేదు.

శిరస్త్రాణము విషయమున ఆ యింట క్రొత్త నియమ మేర్పడెను. నడుపువాడే కాదు, వెనుక కూర్చున్నవారును ఐ.ఎస్.ఐ. ముద్రగల శిరస్త్రాణము ధరించిన గాని బండి కదలదు. నాలుగేండ్లు దాటిన ప్రతివారును దానిని ధరింపవలెనని చట్టము చెప్పుచున్నది. ఎనిమిదవ తరగతి చదువుచున్న కుమార్తె, "నాన్నా, నే నెప్పుడు నడుపుదును?" అని యడిగెను. "పదునెనిమిదేండ్లు నిండి, లైసెన్సు చేతికి వచ్చిన దినమున" అని తండ్రి బదులు చెప్పెను. గేర్లుగల మోటారు సైకిలునకు అదియే కనీస వయస్సు. బాలురు బండి నడిపి నేరము చేసినచో తల్లిదండ్రులకుగాని, బండి యజమానికిగాని 25,000 రూపాయల జరిమానా, మూడేండ్లవరకు కారాగారము విధింపవచ్చునని 2019లో చట్టము సవరింపబడెను. అంతవరకు ఆ బాలికకు తండ్రి ఒక పని యప్పగించెను. ప్రతి ఆదివారము టైర్లలో గాలి, చైనుకు నూనె, దీపములు, బ్రేకులు చూచి పుస్తకములో వ్రాయుట ఆమె పని. ఒకనాడు ఆ బండి కూడ చేతులు మారును. ఆనాడు ఆ పుస్తకమే దాని గుణగణములను చెప్పగలదు.

వర్షాకాలము వచ్చెను. ఒక సాయంకాలము, తడిసిన ఆ రోడ్డుపైననే, ఒక కుక్క అడ్డముగా పరుగెత్తెను. ఉపాధ్యాయుడు రెండు బ్రేకులును కలిపి వేసెను. బండి ఇటునటు కదలక, తిన్నగా, కుక్కకు రెండు గజముల దూరమున నిలిచెను. వెనుక కూర్చున్న కుమార్తె భుజముపై చేయి వేసి, "ఏమైనది నాన్నా?" అని యడిగెను. "ఏమియు కాలేదు తల్లీ" అని ఆయన బండిని ముందునకు నడిపెను. మరునాటి తెల్లవారుజామున పాలబిందెలతో ఆయన పాతబండి ఊరి నడుమగా పోవుచుండ ఆయన వినెను. రెండవ గేరు జారుట లేదు. యువకుడు బాగు చేయించినాడు.